సహవాసి చేతి అధికారం

పదిమంది ఒక కప్పు కింద బ్రతకవలసి వచ్చినప్పుడు రెండు అవసరాలు కలుగుతాయి. ఒకటి తోడు, రెండవది కట్టుబాటు. ఇంటిలో ఈ రెండూ ఒక్క చేతి నుండే వస్తాయి. తల్లి అన్నం పెడుతుంది, తప్పు చేస్తే చెవి మెలివేస్తుంది. ఆ రెండు పనుల నడుమ వైరుధ్యం ఉన్నదని బిడ్డకు తోచదు. ఇల్లు విడిచి చదువు కోసం పోయిన యువకునికి మాత్రం ఇవి విడివడి కనబడతాయి. తోడు పక్క గదిలోని మిత్రుని వద్ద ఉంటుంది, కట్టుబాటు వార్డెను కార్యాలయంలో ఉంటుంది. మిత్రునికి అధికారం లేదు. అధికారికి మైత్రి లేదు. ఈ ఎడాన్ని పూడ్చడానికి ఆధునిక విశ్వవిద్యాలయాలు ఒక ఉపాయం పన్నినవి. విద్యార్థులలోనే ఒకనిని ఎంపికచేసి, వారి మధ్యనే గది ఇచ్చి, తోడునూ కావలినీ అతనికే అప్పగించినవి. అమెరికా దేశంలో అట్టివానిని రెసిడెంట్ అసిస్టెంటు అంటారు, వాడుకలో ఆర్.ఏ. అన్న రెండక్షరాలే మిగిలినవి. ఒక్కని యందు ఈ రెండు ధర్మాలూ ఇమడగలవా, ఇమిడితే ఏ నియమం మీద ఇమడగలవు అన్నది విచారింపదగిన ప్రశ్న.

ఆ ఉద్యోగ స్వరూపం తెలిస్తేగాని అందులోని చిక్కు తెలియదు. ఆర్.ఏ. అదే విశ్వవిద్యాలయంలో రెండవ సంవత్సరమో మూడవ సంవత్సరమో చదివే విద్యార్థి. వయస్సు 19, 20 ఏండ్లు. ఒక అంతస్తులోనో, వసతి గృహపు ఒక పక్కనో ఉండే 30, 40 మంది మంచిచెడ్డలు అతనివి. ప్రతిఫలంగా గది అద్దె పుచ్చుకోరు. కొన్ని చోట్ల భోజనం కూడ ఇస్తారు, కొన్ని చోట్ల కొద్దిపాటి పైకం ఇస్తారు. ఈ పనిలో యువతులూ ఉన్నారు, యువకులూ ఉన్నారు. ఇక్కడ ‘అతడు’ అన్నమాట ఇరువురికీ వర్తిస్తుంది.

తరగతులు మొదలు కావడానికి ముందే అతడు వసతి గృహానికి చేరుకొంటాడు. రంగు కాగితాలు కత్తిరించి, రానున్నవారి పేర్లు వ్రాసి, గది గదికీ తలుపు మీద అంటిస్తాడు. వచ్చిన మొదటి వారంలో అంతస్తువారి నందరినీ కూర్చోబెట్టి నియమాలు చెబుతాడు. ఒక గదిలో ఉండబోయే ఇద్దరి చేత ఒప్పందం వ్రాయిస్తాడు: దీపం ఎన్ని గంటలకు ఆర్పవలె, అతిథులు ఎంతసేపు ఉండవచ్చు, గది ఊడ్చే వంతు ఎవరిది. ఆ తరువాత వంతుల ప్రకారం రాత్రి కావలి. ఫోను దగ్గర ఉంచుకొని, ప్రతి అంతస్తూ తిరిగి, చూచినది పుస్తకంలో ఎక్కించవలె. తాళపుచెవి లోపల మరచి తలుపు వేసుకొన్నవానికి అర్ధరాత్రి తలుపు తీయవలె. మద్యం వాసన వచ్చిన గది తలుపు తట్టవలె. ఇంటిమీద బెంగతో భోజనం మానివేసినవానిని పిలిచి మాట్లాడవలె. ఈ పనులలో కొన్ని అన్నగారివి, కొన్ని తలారివి. రెండూ చేసే మనిషి ఒక్కడే. ఉదయం అదే మనిషి తన తరగతికి పోయి తన పరీక్ష తాను వ్రాసుకోవలె.

ఈ పనికి వారు శిక్షణ ఇచ్చే తీరు కూడ గమనింపదగినది. ‘మూసిన తలుపుల వెనుక’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక అభ్యాసం అక్కడి విశ్వవిద్యాలయాలలో వ్యాపించి ఉన్నది. అనుభవం కలిగిన ఆర్.ఏ.లు గదులలో కూర్చొని జగడమో, త్రాగుడో, దుఃఖమో అభినయిస్తారు. కొత్తవాడు తలుపు తట్టి లోపలికి పోయి, అక్కడ ఏమి చూడబోతున్నాడో తెలియకుండానే పరిష్కారానికి పూనుకోవలె. సంఘటన జరిగిన తరువాత నివేదిక వ్రాయడంలో ఇంకొక నియమం నేర్పుతారు. చూచినదీ విన్నదీ వ్రాయవలె, ఊహించినది వ్రాయరాదు. నడకలో తూలినాడు, మాట తడబడినది, బల్ల మీద మూడు సీసాలు ఉన్నవి అని వ్రాయవచ్చు. త్రాగి ఉన్నాడు అని మాత్రం వ్రాయరాదు. మన నైయాయికులు ప్రత్యక్షానికీ అనుమానానికీ గీచిన గీత ఒక వసతి గృహపు చిట్టాలో ఇట్లు నిలిచి ఉండడం విశేషం. సాటివాని మీద తీర్పు చెప్పే స్థానంలో కూర్చున్నవానికి మొట్టమొదట నేర్పవలసిన వినయం ఇదే.

ఈ ఏర్పాటు పడమటి దేశాలలోనే పుట్టినదని భావించనక్కరలేదు. గురుకులంలో కూడ గురువు అన్ని వేళలా శిష్యుల మధ్య ఉండడు. ఆపస్తంబ ధర్మసూత్రం గురువు పట్ల శిష్యుని నడవడిని వివరిస్తూ, గురువు ఆజ్ఞ మీద పాఠం చెప్పేవాని యెడల కూడ అట్లే మెలగవలెననీ, తనకంటె పెద్దవాడైన సహబ్రహ్మచారి యెడల కూడ అట్లే మెలగవలెననీ విధించినది. తమది ఆపస్తంబ సూత్రమని ప్రవరలో నేటికీ చెప్పుకొనే కుటుంబాలు తెలుగునాట అనేకం. కాని ఆ రెండు విధుల నడుమ ఉన్న సూక్ష్మభేదం మీద దృష్టి పెట్టేవారు అరుదు. మొదటివానికి గౌరవం ఆదేశం వలన వచ్చినది. రెండవవానికి గౌరవం తన పెద్దరికం వలన వచ్చినది. ఆదేశం ఒక్క దినంలో ఇవ్వవచ్చు, ఒక్క దినంలో తీసివేయవచ్చు. పెద్దరికం ఇచ్చేవారూ లేరు, తీసుకొనేవారూ లేరు. అది నడవడి వలన కలుగుతుంది, నడవడి వలన పోతుంది. విశ్వవిద్యాలయం తన విద్యార్థికి ఇవ్వగలిగినది మొదటిది మాత్రమే. రెండవది లేనిచోట మొదటిది ఉత్త తాళపుచెవుల గుత్తి.

చదువుకొనేవాని చేతనే చదువు చెప్పించే పద్ధతి మన వీధిబడులలో కూడ ఉండేది. తెలుగు, కన్నడ ప్రాంతాలు కలిసిన బళ్ళారి జిల్లాకు కలెక్టరుగా ఉండి, తెలుగు వ్యాకరణం కూడ వ్రాసిన ఎ. డి. కాంబెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో ఈ సంగతి ప్రశంసించినాడు. పై తరగతి పిల్లలు కింది తరగతి పిల్లలకు నేర్పే ఈ విధానాన్ని ఇంగ్లండు అనుకరించినదనీ, ఆ అనుకరణకు అది తగినదేననీ అతని అభిప్రాయం. అంతకు ముందే మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర శాలను నడిపిన ఆండ్రూ బెల్ 1797లో ఈ పద్ధతిని గురించి ఒక పుస్తకం ప్రకటించి, దానిని తన దేశానికి పరిచయం చేసినాడు. అక్కడ అది మద్రాసు పద్ధతి అన్న పేరుతోనే చాలకాలం చెలామణి అయినది.

ఐతే ప్రయాణంలో ఒక మార్పు వచ్చినది. వీధిబడిలోని పెద్ద పిల్లవాడు ఇసుకలో అక్షరం దిద్దించేవాడు. ఇంగ్లండులో థామస్ ఆర్నాల్డు 1828 నుండి 1842 వరకు ప్రధానాచార్యుడుగా ఉన్న రగ్బీ పాఠశాలలో పై తరగతివారికి కింది తరగతివారిని శిక్షించే అధికారం కూడ ఉండేది. అక్షరం దిద్దించే అన్న వేరు, బెత్తం పట్టిన అన్న వేరు. వలసపాలన నాటి హాస్టళ్ళలోనికి ప్రిఫెక్టు, మానిటరు అన్న పేర్లు తిరిగి వచ్చినప్పుడు వాటి వెంట ఈ రెండవ అన్న నీడ కూడ వచ్చినది. 1901లో రవీంద్రనాథ ఠాకూరు స్థాపించిన శాంతినికేతన విద్యాలయం ఈ నీడకు దూరంగా వేరొక బాట తొక్కినది. అక్కడ బాలురు తమ నాయకులను తామే ఎన్నుకొనేవారు. తప్పు చేసినవాని సంగతి విచారించడానికి బాలుర సభయే ఉండేది. అధికారం పై నుండి దిగివచ్చినదా, పక్క నుండి చేతికి వచ్చినదా అన్న భేదాన్ని ఆ విద్యాలయం గుర్తించినది. నేటి ఆర్.ఏ.ను విద్యార్థులు ఎన్నుకోరు, కార్యాలయం నియమిస్తుంది. కావున అతడు తనవారి ప్రతినిధి కాడు. తనవారి మధ్య నిలిచిన మరొకరి ప్రతినిధి. అతని ధర్మసంకటానికి మూలం ఇక్కడ ఉన్నది.

ఆ సంకటం పూర్తిగా బయటపడేది జగడాలలో కాదు, రహస్యంలో. రాత్రి ఒంటిగంట వేళ మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు ఆర్.ఏ. గది తలుపు తట్టుతాడు. లోపలికి వచ్చి కూర్చుంటాడు. కొంతసేపు పరీక్షల సంగతి, ఇంటి సంగతి మాట్లాడి ఆగిపోతాడు. తరువాత, “ఒక మాట చెబుతాను, ఎవరితోనూ అననని మాట ఇవ్వు” అంటాడు. ఆ మాట ఏదో ఇంకా తెలియదు. అది ఒక ప్రేమకథ కావచ్చు. పరీక్ష తప్పిన సంగతి కావచ్చు. అతని మీదనో, ఆమె మీదనో జరిగిన దౌర్జన్యం కావచ్చు. బ్రతుకు మీద ఆశ పోయినదన్న మాట కావచ్చు. చివరి రెండూ ఐతే అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయాలలో ఆర్.ఏ. వాటిని నిర్ణీత అధికారికి తెలియజేయక తప్పదు. 1990లో అక్కడ వచ్చిన క్లెరీ చట్టం విశ్వవిద్యాలయాలు తమ ఆవరణలో జరిగిన నేరాల లెక్కలు ప్రకటించవలెనని శాసించినది. ఆ సమాచారం అందజేయవలసినవారిలో సాధారణంగా ఆర్.ఏ.లను కూడ చేరుస్తారు. కాని ఎదుట కూర్చున్నవాడు వచ్చినది చట్టం దగ్గరకు కాదు. తన తలుపు మీద రంగు కాగితంతో తన పేరు అంటించిన మనిషి దగ్గరకు వచ్చినాడు.

మాట ఇవ్వవలెనా? ఈ ప్రశ్నను మన ఇతిహాసం ఎరుగును. కర్ణపర్వంలో ధర్మరాజు కోపావేశంలో గాండీవం మరొకరికి ఇమ్మని అర్జునునితో అంటాడు. అట్లు అన్నవానిని వధిస్తానని అర్జునుడు ఎన్నడో ఒంటరిగా శపథం చేసుకొని ఉన్నాడు. ఆ మాట అనబోయేది తన అన్న అని నాడు ఎరుగడు. ఖడ్గం దూసిన అర్జునుని శ్రీకృష్ణుడు వారించి, ధర్మసూక్ష్మం తెలియనివాడవని మందలిస్తాడు. ఆ సందర్భంలోనే కౌశికుడనే తపస్వి కథ చెబుతాడు. సత్యమే పలుకుతానన్న వ్రతం పట్టిన కౌశికుడు, దొంగలకు భయపడి అడవిలో దాగినవారి జాడను ఆ దొంగలకే చెప్పి వారి చావుకు కారకుడైనాడు. సత్యం చెప్పి నరకానికి పోయినాడు. ఈ రెండు ఉదాహరణలూ ఒకచోట ఉండడం యాదృచ్ఛికం కాదు. అర్జునుని దోషం, సంగతి తెలియకముందే మాటకు కట్టుబడడం. కౌశికుని దోషం, ఎవరికి చెబుతున్నాడో చూడకుండ ఉన్నదంతా చెప్పివేయడం. రహస్యం వినేవాని ఎదుట ఉన్న రెండు గోతులు ఇవే.

బౌద్ధ వినయపిటకం ఇదే విషయాన్ని సహవాసుల నిత్యజీవితానికి అన్వయించి రెండు నియమాలుగా చెప్పినది. సాటి భిక్షువు చేసిన ఘోరమైన తప్పును తెలిసి కప్పిపుచ్చడం దోషం. అట్టి తప్పునే సంఘం అనుమతి లేకుండ సంఘం బయటివారికి చెప్పడం కూడ దోషమే. రెండింటినీ పాచిత్తియమనే ఒకే వర్గంలో చేర్చినారు. దాచడానికీ చాటడానికీ నడుమ ఒక ఇరుకు దారి ఉన్నది: చెప్పవలసినవారికి, చెప్పవలసినంత, చెప్పవలసిన ఉద్దేశంతో చెప్పడం. వాస్తవానికి వసతి గృహాలలో ద్రోహం జరిగేది ఎక్కువగా ఈ మూడవ దారి తప్పినప్పుడే. నివేదికలో వ్రాయవలసినది వ్రాసిన ఆర్.ఏ. ద్రోహి కాడు, అదే సంగతి మరునాడు భోజనశాలలో నలుగురి ముందు నవ్వుతూ చెప్పినవాడు ద్రోహి. అతడు వ్రాసిన దానిలో అసత్యం లేకపోవచ్చు, అతడు చెప్పిన దానిలోనూ లేకపోవచ్చు. భేదం సత్యంలో లేదు. విన్నవారికి ఆ బాధతో సంబంధం ఉన్నదా లేదా అన్నదానిలో ఉన్నది.

ఇక మిగిలినది మాట ఇవ్వమన్నవానికి చెప్పవలసిన జవాబు. అది వినకముందే చెప్పవలెను, విన్న తరువాత చెప్పరాదు. తాను దాచలేని సంగతులు ఏవో ముందుగా చెప్పి, వాటికి పూర్తి రహస్యం పాటించగలిగినవారు వైద్యశాలలోనో, మానసిక సలహా కేంద్రంలోనో ఉన్నారని చెప్పి, అవసరమైతే అక్కడి వరకు తానే వెంట వస్తానని చెప్పవలె. దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. ఇట్లా గడప మీదనే షరతులు వినిపిస్తే వచ్చినవాడు మాట మింగి లేచిపోవచ్చు. ఆ రాత్రి అతని గుండెలోని మాట చెప్పుకొనే చోటు అదొక్కటే కావచ్చు. ఈ ఆక్షేపణ నిజమైనది. కొందరు లేచిపోతారు కూడ. ఐనను మాట ఇచ్చి తప్పిన ఆర్.ఏ. వలన కలిగే నష్టం అంతకంటె లోతుగా నాటుకొంటుంది. ఎందువల్లననగా అట్లా మోసపోయినవాడు ఆ తరువాత ఏ తలుపూ తట్టడు. షరతులు విని లేచిపోయినవానికి ఆ తలుపు ఇంకా ఉన్నది. పైగా లేచిపోయినవానిని విడిచిపెట్టమని ఏ నియమమూ చెప్పలేదు. మరునాడు ఉదయం అతనితో కలిసి ఫలహారానికి పోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

నివేదిక వ్రాయడంతో కర్తవ్యం తీరినదనుకోవడం ఈ ఉద్యోగంలోని రెండవ ప్రమాదం. వినయపిటకంలోనే ఒక వృత్తాంతం ఉన్నది. అతిసారంతో తన మలమూత్రాలలోనే పడి ఉన్న ఒక భిక్షువును బుద్ధుడు చూచి, ఉపచారం చేసేవారు ఎవరని అడుగుతాడు. ఎవరూ లేరని, తాను ఎవరికీ ఉపకరించలేదు గనుక ఎవరూ తనను చూడరని ఆ రోగి జవాబు. బుద్ధుడు ఆనందుని చేత నీరు తెప్పించి, ఇద్దరూ కలిసి రోగిని కడిగి మంచం మీద పరుండబెట్టినారు. తరువాత భిక్షువుల నందరినీ పిలిచి, ఇక్కడ మీకు తల్లి లేదు, తండ్రి లేడు, ఒకరినొకరు చూచుకోకపోతే మిమ్మల్ని చూచేవారెవరు అన్న భావంతో మందలించినాడు. తనను సేవింపగోరేవాడు రోగిని సేవించవలెనన్నాడు. వసతి గృహ ధర్మానికి ఇంతకంటె గట్టి పునాది వెతకనక్కరలేదు. ఇక్కడ మొదట కడగడం జరిగినది, పిమ్మట విచారణ జరిగినది. కార్యాలయాల పద్ధతిలో ఈ వరుస తలకిందులు కావడం సులభం.

స్నేహం వలన వచ్చే చిక్కు మరొకటి ఉన్నది. ఒకే దినాన రెండు గదులలో మద్యం కనబడినది. ఒకటి అపరిచితుని గది, రెండవది ఆర్.ఏ.తో కలిసి ప్రతి సాయంకాలం బంతి ఆడే మిత్రుని గది. మొదటి గది సంగతి పుస్తకంలోకి ఎక్కి, రెండవది ఎక్కకపోతే, మరునాటి నుండి ఆ అంతస్తులో నియమం చచ్చినట్లే. దండించబడినవాడు తాను తప్పు చేసినందుకు బాధపడడు. తనకు స్నేహితుడు లేనందుకు బాధపడతాడు. ఈ సందర్భంలో చైనా యాత్రికుడు ఇత్సింగ్ వ్రాసిన ఒక సంగతి జ్ఞప్తికి తెచ్చుకోదగినది. క్రీస్తుశకం 673లో తామ్రలిప్తిలో దిగిన ఆ యాత్రికుడు అక్కడి విహారంలోని వ్యవస్థను వర్ణించినాడు. ఏ పనియైనా సభ కూడి నిర్ణయించేవారు. ఎవడైనా భిక్షువు సభను లెక్కచేయక తన ఇష్టం చొప్పున ఒకనిపై అనుగ్రహమో ఆగ్రహమో చూపితే, అతనికి కులపతి అని పేరు పెట్టి వెళ్ళగొట్టేవారట. అంటే సంఘపు ఆస్తిని తన సొంత ఇల్లుగా భావించిన గృహస్థు అని నింద. విశ్వవిద్యాలయాధిపతికి హిందీలో నేడు వాడే గౌరవపదం అదే. నాటి తిట్టు నేటి బిరుదు కావడం భాషలోని వింత. కాని ఆ తిట్టులోని తీర్పు నేటికీ చెల్లుతుంది. అధికారం అప్పు తెచ్చుకొన్న వస్తువు. సొంతమనుకొన్న నాడే అది పాడవుతుంది.

జీతం పుచ్చుకొని చేసే తోడు తోడేనా అన్న శంక కూడ కొందరికి కలుగుతుంది. వైద్యుడు రుసుము పుచ్చుకొన్నంత మాత్రాన కరుణ లేనివాడు కాడు. ఉపాధ్యాయుడు జీతగాడైనంత మాత్రాన వాత్సల్యం లేనివాడు కాడు. జీతం స్నేహాన్ని చెరచదు. చెరిచేది ఆధారపడడం. గది అద్దె కట్టుకోలేక ఈ పనికి వచ్చిన విద్యార్థికి ఉద్యోగం పోవడమంటే తల దాచుకొనే చోటు పోవడం. అట్టివాడు తనకు అన్యాయమనిపించిన ఆజ్ఞను కాదనడం ఎట్లు? ఈ ఇబ్బందిని వారే గుర్తించి సంఘాలుగా ఏర్పడినారు. ఆంహర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు ఆర్.ఏ.లు 2002లో కార్మికసంఘం కోసం ఓటు వేసి గెలిచినారు. వెస్లియన్ విశ్వవిద్యాలయం 2022లో తన ఆర్.ఏ.ల సంఘాన్ని స్వచ్ఛందంగా గుర్తించినది. విద్యార్థియా, సేవకుడా అన్న వాదంలో విశ్వవిద్యాలయాలు అతడు ప్రధానంగా విద్యార్థి అన్నవి. పని చెప్పేటప్పుడు సేవకుడు, హక్కు అడిగేటప్పుడు విద్యార్థి అనడం న్యాయం కాజాలదు.

ఈ విషయంలో సంస్థల బాధ్యత ఎట్లు మారుతూ వచ్చినదో చూడవలె. 1913లో కెంటకీ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానం కళాశాల విద్యార్థికి తల్లిదండ్రుల స్థానంలో ఉన్నదని తీర్పు చెప్పినది. 1960లో అలబామాలో వర్ణవివక్షను ధిక్కరించి భోజనశాలలో కూర్చున్న నల్లజాతి విద్యార్థులను వారి కళాశాల విచారణ లేకుండ వెళ్ళగొట్టినది. 1961లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం అది చెల్లదన్నది. తండ్రి చేతిలోని బెత్తం అంతటితో జారిపోవడం మొదలైనది. అది మంచికే జరిగినది. కాని బెత్తంతో పాటు తండ్రి రాత్రిపూట లేచి దుప్పటి కప్పే చేయి కూడ జారిపోతే ఆ పని ఎవరు చేయవలె? సంస్థ ఆ పనిని ఇరవై ఏండ్ల పిల్లవానికి అప్పగించి తాను నిశ్చింతగా నిద్రపోరాదు. ఫోను మ్రోగినప్పుడు అతని వెనుక మరొక ఫోను ఎత్తే పెద్దలు ఉండవలె. ఒక భయంకరమైన రాత్రి గడిచిన తరువాత, నీవు తిన్నావా, నిద్రపోయినావా అని అతనిని అడిగేవారు ఉండవలె. కావలివానికి కావలి లేని ఇంట ఎవరికీ రక్షణ లేదు.

మన దేశంలో ఈ ప్రశ్న మరొక రూపం దాల్చినది. ఇక్కడ కొత్త విద్యార్థి గడప దాటేటప్పుడు భయపడేది వార్డెనుకు కాదు, పై తరగతివానికి. పరిచయం పేరుతో జరిగే ర్యాగింగు ఆపస్తంబుడు గౌరవించిన పెద్దరికానికి పట్టిన బూజు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1997లోనే దీనిని నిషేధిస్తూ చట్టం చేసినది. 2009లో హిమాచల్ ప్రదేశ్‌లోని ఒక వైద్యకళాశాలలో ఒక విద్యార్థి సీనియర్ల దెబ్బలకు మరణించిన తరువాత, అదే సంవత్సరం విశ్వవిద్యాలయ నిధుల సంఘం దేశమంతటికీ వర్తించే నిబంధనలు ప్రకటించినది. శిక్షల భాగం లోకానికి బాగా తెలుసు. అంతగా ఎవరూ చెప్పుకోని భాగం మరొకటి అందులో ఉన్నది: ప్రతి సంస్థా స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన విద్యార్థులతో మార్గదర్శకుల విభాగం ఏర్పరచవలె, ఆరుగురు కొత్తవారికి ఒక మార్గదర్శకుడు, ఆరుగురు మార్గదర్శకులకు పై తరగతికి చెందిన ఒక మార్గదర్శకుడు. రోగం ఏ మూలాన పుట్టినదో మందును కూడ ఆ మూలాననే వెతికినారన్నమాట. సీనియరు చేత భయపడినవానికి సీనియరు చేతనే ధైర్యం చెప్పించడం ఇందులోని భావం.

ఈ నియమం కాగితం మీద ఒక పేర్ల పట్టికగా మిగిలితే దాని వలన ప్రయోజనం లేదు. నిజమైతే మాత్రం అది అమెరికా వారి ఏర్పాటు కంటె ఒక విధంగా మేలైనది. ఒక్కనికి 40 మందిని అప్పగిస్తే అతడు కావలివాడే అవుతాడు. ఆరుగురిని అప్పగిస్తే అన్న కాగలడు. ఆరుగురిలో ఎవడు నిన్న రాత్రి అన్నం తినలేదో పుస్తకం చూడకుండ తెలుస్తుంది. పల్లె నుండి పట్నానికి చదువుకు వచ్చి, పరాయి ఇండ్లలో వారాలు చేసుకొని బ్రతికిన తెలుగు విద్యార్థుల కాలంలో ఏడు ఇండ్ల ఇల్లాండ్రు ఒక పిల్లవాని ముఖం చూచి వాని ఆకలి తెలుసుకొనేవారు. నేడు వేలమంది ఉండే వసతి గృహాలలో ఆ చూపు మెస్సు టిక్కెట్టు మీద పడుతున్నది, ముఖం మీద పడడం లేదు. ఆ చూపును తిరిగి తేగలిగినవాడు పక్క గదిలో ఉన్నాడు. అతనికి నేర్పేవారు కావలె.

కావున తోడూ కావలీ ఒక్కనియందు ఇమడవచ్చును, మూడు నియమాల మీద. తాను ఏది దాచలేడో వినకముందే చెప్పవలె. దాచలేని దానిని చెప్పవలసినవారికి మాత్రమే చెప్పి, చెప్పిన తరువాత కూడ ఆ మనిషిని విడువకుండ ఉండవలె. తన చేతిలోని అధికారం తనది కాదనీ, సంవత్సరం చివర తాళపుచెవులతో పాటు అప్పగించి పోవలసినదనీ మరువకుండవలె. ఈ మూడింటిలో ఏదీ నియామక పత్రంలో వ్రాసి ఇవ్వదగినది కాదు. పదవి ముగిసి, తలుపుల మీది రంగు కాగితాలు చింపివేసిన తరువాత, ఆ అంతస్తువారిలో ఎవరైనా దారిలో అతనిని చూచి మొగం తిప్పుకొంటారా, ఆగి పలకరిస్తారా అన్నదే దానికి పరీక్ష. ఆ పరీక్షకు మార్కులు వేసే కార్యాలయం ఎక్కడా లేదు. ఐనను ఆ వయస్సులో ఆ పరీక్షకు కూర్చున్నవాడు, తరగతిలో నేర్చిన చదువు మరచిపోయిన తరువాత కూడ, ఇరుగుపొరుగుతో కలిసి బ్రతకవలసిన ప్రతి చోటా దానిని వ్రాస్తూనే ఉంటాడు.